గంగులప్ప గొంతులో నేను చూపించిన విరుపు

కక్కలేక, మింగలేక ఇన్నేళ్లు మోసిన మాట ఒకటుంది. ఇవాళ దాన్ని మీ ముందు పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. చింతామణిలో మైక్‌సెట్లకు యాంప్లిఫైర్లు తయారుచేసే చిన్న అంగడి ఒకటుందని, అది నాదని తెలిస్తే చాలు. నా వల్ల ఒక మనిషి పాడడం మానేశాడు. నా వల్లనే అన్న సంగతి ఆయనకు తెలియదు. తెలియకపోగా, నేను బస్‌స్టాండులో కనబడితే దూరం నుంచే చెయ్యెత్తి పలకరిస్తాడు. ఆ చెయ్యి లేచినప్పుడల్లా ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది.

నా చదువంతా కన్నడలో సాగింది. చిక్కబళ్ళాపురంలో డిప్లొమా చేశాను, ఆఫీసుల్లో అర్జీలు రాసేది కూడా కన్నడలోనే. తెలుగు మా ఇంట్లో మాట్లాడే భాష. అక్షరాలు మాత్రం పెళ్లయ్యాక మా ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకున్నాను, ఆమెది మదనపల్లె వైపు. నా రాతలో తప్పులుంటే దిద్దుకొని చదవండి. కన్నడలో రాస్తే నాకు సులువుగా ఉండేది. కానీ ఆ మనిషికి నేనొక అబద్ధం చెప్పాను, అది తెలుగులో చెప్పాను. ఒప్పుకోవడం వేరే భాషలో చేస్తే అందులో కూడా ఏదో సందు వెతుక్కున్నట్టు ఉంటుందని భయపడ్డాను.

ముందు నా రోగం గురించి చెప్పాలి. ఏదైనా వేడెక్కితే ఎందుకు వేడెక్కుతోందని అడక్కుండా ఉండలేను. చిన్నప్పటి నుంచీ అంతే. ఫోను చార్జరు, మిక్సీ, పక్కింటి నీళ్ల మోటారు, ఆగి ఉన్న బస్సు బానెట్టు, ఏది కనబడినా చెయ్యి ఆనించి చూస్తాను. "పెండ్లిలో నా చెయ్యి పట్టుకున్నప్పుడు గూడా ఎంత కాలుతాందో చూసుంటావులే" అని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. నా లెక్కలో వేడి అంటే దారి తప్పిన కరెంటు. పాటగా మారాల్సిన కరెంటు ఇనపరేకును కాల్చడానికి పోతోందంటే నాకు కడుపు మండుతుంది. ఎందుకు పోతోంది, ఎక్కడ పోతోంది, పోకుండా ఆపగలనా? ఈ మూడు ప్రశ్నలతోనే నా బతుకు గడిచింది. అవి మంచి ప్రశ్నలే. ఇంకో ప్రశ్న కూడా అడగాల్సింది, అది నాకు తట్టలేదు. ఆ కరెంటు ఊరికే పోతోందని నాకెవరు చెప్పారు?

మా వైపు భజన గుంపులు చాలా ఉన్నాయి. బాగేపల్లి నుంచి శిడ్లఘట్ట దాకా ఏ ఊరికెళ్లినా తత్వాలు పాడేవాళ్లుంటారు. పాట తెలుగు, పుస్తకంలో అక్షరాలు కన్నడ. పున్నమికి ఒక ఊరి గుంపు ఇంకో ఊరికి ట్రాక్టరులో పోతుంది. తంబూర, తాళాలు, డోలక్కుతో పాటు సొంత మైక్‌సెట్టు కూడా ట్రాక్టరెక్కుతుంది. పక్క ఊరి సెట్టులో పాడడం చిన్నతనం కింద లెక్క. పొద్దున మొదలైన పాట పొద్దుగూకే దాకా నడుస్తుంది. పల్లెలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి సెట్టు బ్యాటరీ మీదే నడవాలి. మధ్యాహ్నం అందరూ అన్నం తిని వచ్చేసరికి బ్యాటరీ దిగిపోయి స్పీకరు మూలిగిందంటే, పిల్లలు నవ్వుతారు, పక్క ఊరివాళ్లు మీసాలు సర్దుకుంటారు. ఆ గుంపు పరువు గంగలో కలిసినట్టే.

అలా దిగిపోయిన సెట్లు, ఎండాకాలం రేకుల షెడ్ల కింద మాడిపోయిన సెట్లు నా అంగడికి వచ్చేవి. మూత విప్పితే మాడు వాసన. చెయ్యి ఆనిస్తే చురుక్కుమనేది. పాట లేనప్పుడు కూడా ఎందుకింత కాలుతోందని ఒక్కోదాన్నీ విప్పి చూడడం మొదలుపెట్టాను.

యాంప్లిఫైరు చేసే పని చెప్పడానికి సులువు. మైకులోంచి వచ్చే బలహీనమైన అలను పెంచి స్పీకరుకు అందిస్తుంది. అల అన్నాక పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. లేచే సగాన్ని ఒక ట్రాన్సిస్టరు మోస్తుంది, దిగే సగాన్ని ఇంకొకటి మోస్తుంది. కూలీలు మట్టితట్టను ఒకరి చేతిలోంచి ఒకరు అందుకున్నట్టు అనుకోండి. మొదటివాడు వదలకముందే రెండోవాడు పట్టుకొని ఉండాలి. అందుకని ఏ పనీ లేనప్పుడు కూడా రెండు ట్రాన్సిస్టర్లలోనూ కొంచెం కరెంటు పారుతూ ఉండాలి. పాట ఉన్నా లేకపోయినా అది పారుతుంది, వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ఎంత పారాలో కుదర్చడానికి లోపల చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని మేము ప్రీసెట్టు అంటాం.

ఊరికే పారే ఆ కరెంటు నా కంట్లో నలుసైంది. గుంపు ఊపిరి తీసుకునేటప్పుడు, తంబూర శ్రుతి చేసుకునేటప్పుడు, పెద్దాయన ఎవరో తత్వానికి అర్థం చెబుతూ మధ్యలో మరిచిపోయి తల గోక్కునేటప్పుడు, సెట్టు బ్యాటరీని తాగుతూనే ఉంది. తగ్గిస్తే ఏమవుతుంది? తగ్గించాను. బ్యాటరీ ఎక్కువసేపు వచ్చింది. ఇంకా తగ్గిస్తే? ఇంకా ఎక్కువసేపు వచ్చింది. పూర్తిగా ఆపేస్తే? ప్రీసెట్టును ఆ చివరికంటా తిప్పేశాను. నిజానికి దీనికి సరైన పద్ధతి వేరే ఉంది. ట్రాన్సిస్టర్ల వేడిని కనిపెట్టి, దానికి తగ్గట్టు కరెంటును సర్దే భాగాన్ని వాటి పక్కనే బిగించాలి. అప్పుడు కరెంటు అవసరమైనంతే పారుతుంది, ఎండకు అదుపు తప్పదు. కాకపోతే ఒక్కో సెట్టునూ విడిగా కూర్చుని కుదర్చాలి. నాకంత ఓపిక లేకపోయింది. దగ్గరిదారి పట్టాను, దానికి డిజైను అని పేరు పెట్టుకున్నాను.

పరీక్ష చేయకుండా ఇచ్చానని అనుకోకండి. చేశాను. ఫోనులో సినిమా పాటలు పెట్టి, అంగడి రేకు అదిరేలా వాయించాను. "హలో, హలో" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచాను. బ్రహ్మాండంగా ఉంది. సాయంత్రం ట్రాన్సిస్టర్ల వేడిని లాగే రేకు, అదే హీట్‌సింకు, దాని మీద చెయ్యి పెడితే చల్లటి కుండ ముట్టుకున్నట్టు ఉంది. ఆ రోజు నా అంత మొనగాడు ఈ తాలూకాలో లేడనుకున్నాను. గట్టి పాటతోనే ఎందుకు పరీక్షించాను? మెల్లని పాట ఒక్కటైనా ఎందుకు పెట్టలేదు? యాంప్లిఫైరు ఉండేదే గట్టిగా వినిపించడానికి అని నేను కూడా నమ్మేవాణ్ణేమో.

'చల్లని సెట్టు' అని పేరొచ్చింది. పున్నమి పొద్దంతా పాడినా బ్యాటరీ మిగిలేది. అంగడికి వచ్చినవాళ్లు ముందు సెట్టు మీద చెయ్యి పెట్టి చూసి, "అబ్బా, ఐసు!" అని నవ్వేవాళ్లు. నాకు నవ్వు ఆగేది కాదు.

దిబ్బూరహళ్ళి దగ్గర ఒక పల్లె గుంపు కూడా ఆ సెట్టు తీసుకుంది. వాళ్లలో ముందు కూర్చుని పాడేది గంగులప్ప. అరవై దాటిన రైతు. మల్బరీ తోట ఉంది, పట్టుపురుగులు పెంచుతాడు. ఆయన పాట ఎలా ఉంటుందో చెప్పడం నాకు చేతకాదు గానీ ప్రయత్నిస్తాను. అందరూ గొంతు పెంచేచోట ఆయన తగ్గిస్తాడు. తత్వంలో అసలు మాట రాగానే గొంతు దించి, ఇంకా దించి, ఊపిరంత సన్నగా చేసి అక్కడే నిలబెడతాడు. తాళాలవాళ్లు తాళం ఆపేస్తారు. జనం ముందుకు వంగుతారు. చంటిపిల్లలు ఏడుపు ఆపుతారని కూడా చెప్పుకునేవాళ్లు. అది కొంచెం ఎక్కువే. వంగడం మాత్రం నా కళ్లతో చూశాను, నేనూ వంగాను.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు అప్పట్లో అర్థం కాలేదు.

కొన్ని పున్నములు గడిచాయి. గంగులప్పకు గొంతు పోయిందట అని అంగడికి వచ్చినవాళ్లు చెప్పుకోవడం విన్నాను. పెద్దగా పాడితే పర్వాలేదట. దించి పాడేచోట గరగరమంటోందట, తెగిపోతోందట. వయసు మీద పడింది కదా, పాపం, అన్నారు. నేను కూడా సోల్డరింగు చేసుకుంటూ తలెత్తకుండా పాపం అన్నాను.

ఒక మధ్యాహ్నం ఆయన తమ గుంపు సెట్టును గోనెసంచిలో కట్టుకొని బస్సులో చింతామణికి వచ్చాడు. ఆ సమయానికి నా అంగడిలో బాగేపల్లి వైపు నుంచి వచ్చిన ఒక గుంపు పెద్ద కూర్చుని టీ తాగుతున్నాడు. చల్లని సెట్టు చూసి, నచ్చితే అక్కడి గుంపులన్నిటికీ చెబుదామని వచ్చిన మనిషి. గంగులప్ప సంచి బల్ల మీద దించి, తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఏమప్పా, నిన్నొక మాట అడగల్ల. నా గొంతు చెడిందా, నీ డబ్బా చెడిందా?"

"ఏమైందప్పా? కూర్చోండి ముందు" అన్నాను.

"ఇంట్లో పాడుకుంటే బాగానే ఉండాది. మైకులో పాడితే గొంతులో ముల్లు ఇరుక్కున్నట్ల వినపడతాది. మా వాళ్లనడిగితే బాగుండాది అంటారు, మొహం పక్కకి తిప్పుకుంటారు. ఎవురి గొంతు వాళ్లకి బాగానే ఉంటాది కదా, నా చెవుల్ని నేనెట్ల నమ్మేది? నీ దగ్గర పాట గీత మాదిరి కనపడే తెర ఉండాదంట. దాంట్లో చూసి చెప్పు. ఉన్నదున్నట్ల చెప్పు, నేనేమీ అనుకోను."

ఆ తెర ఆసిలోస్కోపు. బెంగళూరులో పాతసామాన్ల అంగడిలో దొరికింది. శబ్దం ఆకుపచ్చ గీతగా దాని మీద కదులుతుంది. ఆయన తెచ్చిన సెట్టుకు మైకు తగిలించి, ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, దించి పాడమన్నాను. ముందు తెర తీగను మైకు వైపు పెట్టి చూశాను. గీత నున్నగా లేచి నున్నగా దిగింది, ఎక్కడా వణుకు లేదు. అంత చక్కని అలను నేను అంతకుముందు మనిషి గొంతులో చూడలేదు. తరవాత తీగను స్పీకరు వైపుకు మార్చాను.

అల మధ్యగీతను దాటే ప్రతిచోటా ఒక మెట్టు ఉంది. లేచే సగానికీ దిగే సగానికీ నడుమ గీత కాసేపు చదునుగా పడుకుని, మళ్ళీ లేస్తోంది. మొదటి ట్రాన్సిస్టరు వదిలేసింది, రెండోది ఇంకా పట్టుకోలేదు. తట్ట నడుమ కింద పడుతోంది. ఆయన గొంతు పెంచితే అల పెద్దదై ఆ మెట్టు కనబడీ కనబడనట్టు ఉంది. దించేకొద్దీ అల చిన్నదవుతోంది, మెట్టు మాత్రం అంతే ఉంది. ఇంకా దించితే పాటంతా ఆ మెట్టులోనే పడిపోతోంది.

నాకు మొదట కలిగింది సంతోషం. సిగ్గు విడిచి చెబుతున్నాను. ఓహో, ఇదా సంగతి! ఇక్కడా దాక్కుంది! ఇన్నాళ్లూ పుస్తకంలో బొమ్మగా చూసింది ఒక మనిషి గొంతు మీద కళ్లెదుట కనబడుతుంటే ఒళ్లు మరిచిపోయాను. "ఇంకొంచెం దించండప్పా, ఇంకొంచెం" అంటూ పాడించాను. ఆయన కళ్లు మూసుకుని ఎంత బాగా పాడాలో అంత బాగా పాడాడు. ఆయన తన బతుకు గురించి అడగడానికి వచ్చాడు. నేను మెట్టు చూసి మురిసిపోతున్నాను.

"కనపడిందా?" అన్నాడు కళ్లు తెరిచి.

"కనపడింది."

"యాడ?"

అప్పుడే బాగేపల్లి పెద్దమనిషి టీ గ్లాసు కింద పెట్టి, మెడ సాచి, "ఏమి, సెట్టులో ఏమన్నా తేడానా?" అన్నాడు.

నేను తెర మీద వేలు పెట్టాను. సరిగ్గా ఆ మెట్టు మీదే.

"సెట్టు బాగుండాదప్పా. ఇదో, ఇక్కడ చూడండి. మీరు దించినప్పుడల్లా గొంతు ఇక్కడ విరుగుతాంది. వయసైంది కదా."

గంగులప్ప లేచి వచ్చి నా వేలి పక్కన తన వేలు ఆనించాడు. ఆకు కోసీ కోసీ పసరు ఎక్కి నల్లబడిన వేలు. పాట ఆగిపోవడంతో గీత తిన్నగా పడుకుని ఉంది. ఆయన అయినా ఆ చోటును మెల్లగా తడిమాడు.

"ఇక్కడనా?"

"ఊ. అక్కడే."

"నిజం చెప్పినావప్పా. మంచిదైంది" అన్నాడు. సంచి భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. బాగేపల్లి పెద్దమనిషి పాపం అన్నాడు, ఆ తరవాత తమ గుంపుకు ఒక సెట్టు కావాలన్నాడు.

ఎందుకు చెప్పాను? ఈ ఒక్క ప్రశ్నను నేను విప్పి చూసినంతగా ఏ సర్క్యూటునూ విప్పి చూడలేదు. వ్యాపారం పోతుందనా? కొంత అదే. ఆ పెద్దమనిషి అక్కడ లేకపోయి ఉంటే నిజం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణేనని చాలాకాలం నన్ను నేను బుజ్జగించుకున్నాను. కానీ ఆయన సాయంత్రానికి వెళ్లిపోయాడు. మర్నాడు దిబ్బూరహళ్ళికి బస్సు ఉంది, ఆ మర్నాడు కూడా ఉంది. నేను ఎక్కలేదు. కాబట్టి ఆ తప్పును ఆయన టీ గ్లాసు మీద పెట్టలేను. ఇంకో సంగతి తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ లోపం దిద్దడానికి ఒక స్క్రూ తిప్పితే చాలు. ఆ టీ చల్లారేలోపు అయిపోయేది. "గొంతు బాగుండాదప్పా, సెట్టు స్వల్ప సర్దల్ల" అని నవ్వుతూ అని ఉంటే ఇద్దరూ తల ఊపేవాళ్లు, నా పేరుకు ఏమీ అయ్యేది కాదు. అంత చిన్నదాన్ని దాచడానికి అంత పెద్ద అబద్ధం ఎందుకు? చల్లని సెట్టులో తప్పుందని నా నోటితో నేను వినలేకపోయాను. అంతకంటే లోతుగా తవ్వినా నాకు ఇంకేమీ దొరకలేదు.

స్క్రూలన్నీ తిప్పాను, తిప్పకుండా ఎలా ఉంటాను? 'ఉచిత సర్వీసు' అని చెప్పి ఊరూరూ తిరిగి, అమ్మిన ప్రతి సెట్టునూ విప్పి, వేడిని కనిపెట్టే ఆ భాగాన్ని బిగించి, ఒక్కోదాన్నీ కూర్చుని కుదిర్చాను. మొదట పట్టని ఓపిక అప్పుడెక్కడినుంచి వచ్చిందో. హీట్‌సింకులు కొంచెం గోరువెచ్చగా అయ్యాయి. "ఏమప్పా, ఐసు కరిగిందే" అని ఒకరిద్దరు ఎకసెక్కం చేశారు. సర్వీసు తరవాత సెట్టు ఇంకా బాగుందని అందరూ మెచ్చుకున్నారు. దిబ్బూరహళ్ళి దగ్గరి ఆ పల్లెకూ వెళ్లాను. గంగులప్ప ఊళ్లో లేని రోజు చూసుకుని మరీ వెళ్లాను. అప్పటికే ఆయన తంబూరను గుంపులో ఒక కుర్రవాడి చేతికి ఇచ్చేశాడు.

తరవాత కైవారంలో ఒక పున్నమికి ఆ గుంపు పాట విన్నాను. ఆ కుర్రవాడు గంగులప్పలాగే గొంతు దించి నిలబెట్టాడు. ఆయనే నేర్పాడు. సెట్టులోంచి ఆ సన్నని గొంతు ఎక్కడా చెదరకుండా వచ్చింది. నా పక్కనున్నాయన మోచేత్తో పొడిచి, "చూసినావా, గొంతంటే ఇట్లుండల్ల. ఆ ముసలాయనకి ఊరికే మొహమాటానికి చెప్పలేకపోయినారు గానీ" అన్నాడు. గంగులప్ప వెనక వరసలో కూర్చుని తాళం వేస్తున్నాడు. కుర్రవాడు బాగా పాడిన చోటల్లా తల ఊపుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. లేచి చెప్పులేసుకుని వచ్చేశాను.

అలా ఏళ్లు గడిచాయి. ఈ చలికాలం ఆయనే ఫోను చేశాడు. పట్టుపురుగుల షెడ్డులో వెచ్చదనం సమంగా ఉంచే మిషను చెడిందట, చలికి పురుగులు ఆకు ముట్టడం లేదట. వేడి సంగతి గదా, నిన్నే పిలవాలనిపించింది అన్నాడు. రాలేనని చెప్పడానికి సాకు వెతికాను, దొరకలేదు. పొద్దున్నే బండేసుకుని వెళ్లాను.

షెడ్డు బయట బండి ఆపాను. లోపలి నుంచి పాట వినబడింది.

మైకు లేదు, తీగ లేదు, నేను చేసిన డబ్బా ఏదీ నడుమ లేదు. ఇటుకగోడ ఒక్కటే అడ్డం. ఆయన తట్టల్లో ఆకు పరుస్తూ పాడుకుంటున్నాడు. అసలు మాట వచ్చేచోట గొంతు దించాడు, ఇంకా దించాడు, అక్కడ నిలబెట్టాడు. నేను గోడకు చెవి ఆనించి వంగి ఉన్నాను. ఆ గొంతులో ఎక్కడా విరుపు లేదు. ఆ రోజు మైకు వైపు తీగ పెట్టినప్పుడు తెర మీద చూసిన అల ఎలా ఉందో అలాగే ఉంది.

నేను గుమ్మంలోకి వెళ్లగానే నన్ను చూసి టక్కున ఆపేశాడు. దొంగతనం చేస్తూ దొరికినట్టు నవ్వాడు. "పురుగులకి చెవులుండవు కదప్పా. వీటి కాడ పాడుకుంటే ఎవురికీ ఇబ్బంది లేదు."

ఇక ఆగలేకపోయాను. "అప్పా, మీ గొంతు ఎప్పుడూ చెడలేదు. ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినాను. చెడింది నా సెట్టు."

ఆయన ఆకు తట్ట కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. కోపం వస్తుందని ఎదురుచూశాను. రావాలని కోరుకున్నాను. తిట్టినా, కొట్టినా పడదామనుకున్నాను. ఆయన నవ్వాడు.

"నన్ను సంతోషపెట్టల్లని చెప్తాండావు."

"లేదప్పా, నా బిడ్డల మీద ఒట్టు. సెట్టు తెస్తాను. స్క్రూ ఇట్ల తిప్పి, అట్ల తిప్పి చూపిస్తాను. తెర మీద మీరే చూడండి."

"చూసినాను కదప్పా. నా కండ్లతో చూసినాను, వేలు పెట్టి చూసినాను. యాడ విరుగుతాందో నువ్వే చూపిస్తివి. ఊరంతా మొహమాటానికి బాగుండాది, బాగుండాది అన్నారు. నువ్వొక్కడివే ఉన్నదున్నట్ల చెప్పినావు. అందుకే నువ్వంటే నాకు అంత మర్యాద. ఇప్పుడు నువ్వు గూడా వాళ్ల మాదిరే అయిపోతే ఎట్ల?"

మిషను బాగు చేశాను. షెడ్డు వెచ్చబడింది. పురుగులు ఆకు మీదికి పాకాయి. ఆయన సంతోషంగా ఇంట్లోకి తీసుకెళ్లి మజ్జిగ ఇప్పించాడు.

కొన్నాళ్లకు సెట్టు, తెర రెండూ మోసుకుని మళ్ళీ వెళ్లాను. ఆయన మైకు ముందు కూర్చోలేదు. ఆకు కోయాలని తోటలోకి వెళ్లిపోయాడు. ఆయన భార్య గడపలో నిలబడి, "ఏంటికప్పా మళ్ళా ఆయన్ని కష్టపెట్టేది? ఎట్లో మరిచిపోయి ఉండాడు" అంది. నేను తీగలు చుట్టుకుని వచ్చేశాను.

నా అబద్ధానికి సాక్ష్యంగా నేను తెర చూపించాను. నా నిజానికి సాక్ష్యం చూపిద్దామంటే అదే తెర అడ్డం నిలబడింది. నేను ఇంకేం చూపించగలను? ఆలోచిస్తూనే ఉన్నాను. షెడ్డులో పాడుతుండగా ఫోనులో పట్టి ఊరికి వినిపిద్దామా అని కూడా అనుకున్నాను. అది ఆయన్ని అడక్కుండా చేయాల్సిన పని. ఆయన విషయంలో ఆయనకు తెలియకుండా నేను చేసింది ఇప్పటికే చాలు.

అందుకే మీ దగ్గరికి వచ్చాను. క్షమించమని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఆయన చేతిలో ఉంది గానీ, క్షమించడానికి తప్పేదో ఉందని ఆయన ఒప్పుకోడు. ఇది రాస్తుంటే ఇన్నేళ్లకు కాస్త ఊపిరి ఆడినట్టుంది, అంతే. ఎవరో ఒకరు నమ్మాలి. మీరైనా నమ్మండి. ఆ మధ్యాహ్నం తెర మీద విరిగింది నా యాంప్లిఫైరు. గంగులప్ప గొంతు ఇప్పటికీ బాగుంది.